ముందు మీ వీసా, తర్వాతే తుపాకి వయసు

ప్రశ్న: లాయర్ గారూ, నేను ఒహాయోలో హెచ్-1బీ మీద ఆరేళ్లుగా ఉద్యోగం చేస్తున్నాను. గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసిన ఐ-140 పిటిషన్ ఆమోదం అయింది. మా పక్కింటి అమెరికన్ పెద్దాయనకి ట్రాప్ షూటింగ్ అంటే ప్రాణం. గాల్లోకి ఎగిరే మట్టి బిళ్లల్ని షాట్‌గన్‌తో కొట్టడం నాకు నేర్పింది ఆయనే. పోయిన నెల చనిపోయారు. ఆయన భార్య మూడు పాత తుపాకులు జ్ఞాపకంగా ఉంచుకోమంటున్నారు. ఒకటి వించెస్టర్ మోడల్ 12 ట్రాప్, ఒకటి రెమింగ్టన్ 870 ట్రాప్. మూడోది బయటికి హామర్లున్న జంట గొట్టాల తుపాకి, గొట్టాల మీద మెలికలు తిరిగిన చారలున్నాయి, సంవత్సరం ఎక్కడా లేదు. ఇలాంటివి ఇంకొన్ని సేకరించాలని నాకూ సరదా పుట్టింది. యాభై ఏళ్లు దాటితే ఏ రూలూ వర్తించదని ఒక ఫ్రెండ్ అన్నాడు. గ్రీన్ కార్డు ఉన్న ఇంకో ఫ్రెండ్ తన పేరు మీద కొనిపెడతానన్నాడు. ఎవరి మాట వినాలి? ఒకదాన్ని ఇండియాకి తీసుకెళ్లొచ్చా? (పేరు వద్దన్నారు)

జవాబు: ఇద్దరి మాటా వినకండి. మొదటి ఫ్రెండ్‌ది తెలియనితనం. రెండో ఆయన చెప్పింది చేస్తే మాత్రం మీ ఇద్దరి మీదా కేసు పడుతుంది.

మీ ఉత్తరం చదువుతుంటే నాకు టెన్షన్ పెట్టింది తుపాకులు కాదు, 'హెచ్-1బీ' అన్న మాట. అమెరికా ఫెడరల్ చట్టంలో 922(జి)(5) అనే సెక్షన్ ఉంది. నాన్‌ఇమ్మిగ్రెంట్ (తాత్కాలిక) వీసా మీద వచ్చినవాళ్లు తుపాకి గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదని దాని సారాంశం. హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1, ఎల్-1 అన్నీ ఇందులోకే వస్తాయి. ఐ-140 ఆమోదం అయినంత మాత్రాన మీ స్టేటస్ మారదు. గ్రీన్ కార్డు చేతికొస్తే ఈ నిషేధం మీకు ఉండదు, అంతవరకూ ఉంటుంది.

మనవాళ్లు చాలామంది 'దగ్గర పెట్టుకోవడం' అంటే కొనుక్కుని ఇంట్లో దాచుకోవడం అనుకుంటారు. చట్టం దృష్టిలో షూటింగ్ రేంజ్‌లో పది నిమిషాలు అద్దెకి తీసుకుని పట్టుకున్నా అది దగ్గర పెట్టుకోవడమే. అమెరికా సుప్రీంకోర్టు 2019లో తీర్పిచ్చిన రెహైఫ్ కేసు మొదలైంది సరిగ్గా అలాగే. స్టూడెంట్ వీసా మీద వచ్చిన కుర్రాడు, యూనివర్సిటీ తీసేశాక కూడా ఇక్కడే ఉండిపోయాడు, ఒకరోజు ఫైరింగ్ రేంజ్‌కి వెళ్లి కాల్చి వచ్చాడు. తను నిషేధం ఉన్న స్టేటస్‌లో ఉన్నట్టు నిందితుడికి తెలుసని ప్రభుత్వమే రుజువు చేయాలని కోర్టు చెప్పింది. అది అతనికి పనికొచ్చింది. ఆరేళ్లుగా హెచ్-1బీ మీద జీతం తీసుకుంటూ, ఆ సంగతి నాకు తెలియదని మీరు అనలేరు కదా.

శిక్ష 2022 సవరణ తర్వాత గరిష్ఠంగా 15 ఏళ్లు. దానికన్నా మీలాంటివాళ్లకి పెద్ద దెబ్బ ఇమ్మిగ్రేషన్ వైపు నుంచి తగులుతుంది. ఈ సెక్షన్ కింద శిక్ష పడితే 'అగ్రవేటెడ్ ఫెలొనీ' (తీవ్ర నేరం) లెక్కలోకి వస్తుంది, అంటే దేశం నుంచి పంపించేయడానికి కారణం దొరికినట్టే. అందుకే, పెద్దాయనతో కలిసి కాల్చిన రోజుల గురించి ఇకమీదట ఎవరికీ ఉత్తరాల్లో రాయకండి, ఆ ఫొటోలు ఎక్కడా కొత్తగా పెట్టకండి. ఉన్నవి కంగారుపడి చెరిపేయడం కూడా వద్దు. ముందు ఒక క్రిమినల్ లాయర్‌ని స్వయంగా వెళ్లి కలవండి.

ఇంత చెప్పాక దారి లేదా అంటే ఉంది. అదే చట్టంలో మినహాయింపు ఉంది: అమెరికాలో ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువులో ఉన్న హంటింగ్ లైసెన్సు మీ దగ్గరుంటే ఈ నిషేధం వర్తించదు. మీరు వేటాడనక్కర్లేదు, లైసెన్సు ఉంటే చాలు. హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేసి దాన్ని మీ పేరు మీద తీసుకోవచ్చు. కానీ గడువు అయిపోయిన మర్నాడు మీరు మళ్లీ నిషేధంలో ఉంటారు, తుపాకి మాత్రం మీ బీరువాలోనే ఉంటుంది. రెన్యువల్ తేదీని వీసా తేదీలాగే గుర్తుపెట్టుకోవాలి.

గ్రీన్ కార్డు ఫ్రెండ్ సంగతి. షాపులో కొనేటప్పుడు 4473 అనే ఫారం నింపాలి. అసలు కొనుగోలుదారు మీరేనా అని అందులో సూటిగా అడుగుతారు. మీ డబ్బుతో, మీ కోసం కొంటూ 'అవును' అని రాస్తే అది అబద్ధం. నిషేధం ఉన్న మనిషి కోసం కొనిపెట్టడం 2022 నుంచి విడిగా ఒక ఫెడరల్ నేరం, దానికీ 15 ఏళ్ల దాకా పడుతుంది. స్నేహం కొద్దీ చేసే సాయం కాదిది. అలాగే మీకు నిషేధం ఉందని తెలిసీ ఆ పెద్దావిడ మీ చేతికి తుపాకి ఇస్తే ఆమె కూడా తప్పు చేసినట్టే. భర్త పోయి నెల కూడా కాని ఆమెని ఇందులోకి లాగకండి.

ఇప్పుడు మీకు నిజంగా ఆసక్తి ఉన్న చోటికి వద్దాం. తుపాకి వయసుకి సంబంధించి చట్టంలో రెండు గీతలున్నాయి, మీ మొదటి ఫ్రెండ్ రెండిటినీ కలిపేశాడు.

ఒకటి 1898. ఆ ఏడాది చివరి వరకూ తయారైనది 'యాంటిక్'. ఫెడరల్ తుపాకి చట్టం దాన్ని అసలు తుపాకిగానే లెక్కించదు, కాబట్టి వీసా నిషేధం కూడా దానికి అంటదు. రెండోది యాభై ఏళ్లు. అది దాటి, అసలు రూపంలోనే ఉంటే 'క్యూరియో అండ్ రెలిక్' అంటారు. అది పూర్తి తుపాకే, మీ మీద నిషేధం యథాతథంగా ఉంటుంది. దాని లాభం సేకర్తల లైసెన్సు ఉన్నవాళ్లకే: మూడేళ్లకి 30 డాలర్లు కట్టి తీసుకుంటే పక్క రాష్ట్రం నుంచి కూడా ఇలాంటి పాతవాటిని నేరుగా తెప్పించుకోవచ్చు. వచ్చినవీ పోయినవీ పుస్తకంలో రాసి ఉంచాలి. కొని లాభానికి అమ్మడం మొదలుపెడితే మాత్రం ఆ లైసెన్సు చాలదు, డీలర్ లైసెన్సు కావాలి.

మరి ఏది ఎప్పటిదో ఎలా తెలుస్తుంది? చట్టానికి తుపాకి అంటే రిసీవర్ (పేల్చే యంత్రాంగం ఉండే నడిమి భాగం), గొట్టం కాదు. ట్రాప్ ఆడేవాళ్లు గొట్టాలు మారుస్తూనే ఉంటారు, అందుకే చాలామంది ఇక్కడే పొరపడతారు. మీ రెమింగ్టన్ 870 గొట్టం మీద, రిసీవర్‌కి దగ్గరగా ఎడమ పక్కన చిన్న అక్షరాలు కనిపిస్తాయి. మొదటి అక్షరం నెల. 'బ్లాక్‌పౌడర్ఎక్స్' అనే మాటలోని పన్నెండు ఇంగ్లీషు అక్షరాలు వరసగా పన్నెండు నెలలు: బి అంటే జనవరి, ఎల్ అంటే ఫిబ్రవరి, చివరి ఎక్స్ డిసెంబర్. రెండో అక్షరం సంవత్సరం, కానీ అదే అక్షరం దశాబ్దాల తర్వాత మళ్లీ తిరిగొస్తుంది. పైగా అది చెప్పేది గొట్టం పుట్టినరోజు. రిసీవర్ వయసు సీరియల్ నంబర్‌తో విడిగా చూసుకోవాలి. 870 మార్కెట్లోకి వచ్చిందే 1950లో, కాబట్టి యాంటిక్ అనే మాటే లేదు.

మోడల్ 12 ఇంకా ముచ్చటైనది. 1912లో మొదలై 1960ల మొదట్లో మామూలు ఉత్పత్తి ఆగిపోయింది. రిసీవర్ ముందు భాగం అడుగున సీరియల్ నంబర్ ఉంటుంది. తుపాకిని రెండు ముక్కలుగా విప్పితే గొట్టం వైపు ముక్క మీద కూడా నంబర్ కనిపిస్తుంది. రెండూ ఒకటైతే జత విడిపోలేదన్నమాట. నంబర్ 'వై' అక్షరంతో మొదలైతే అది 1970లలో మళ్లీ తీసిన సరుకు, అప్పుడు యాభై ఏళ్ల లెక్క జాగ్రత్తగా వేయాలి. గొట్టం మీదున్న పేటెంట్ తేదీని తయారీ తేదీ అనుకోకండి. స్టాక్ (భుజానికి ఆనించే భాగం) కోసి ఎత్తు సర్దే పట్టీలు బిగించడం, చోక్ (గొట్టం మూతి దగ్గరి ఇరుకు) మార్చడం ఈ ఆటలో మామూలే. మరీ ఎక్కువ మార్చేస్తే 'అసలు రూపం' అన్న షరతు పోతుంది. నంబర్ ఎవరైనా అరగదీసి ఉంటే ఆ తుపాకిని ముట్టుకోకండి, దగ్గర పెట్టుకోవడమే నేరం. 1968కి ముందు నంబర్ వేయడం తప్పనిసరి కాదు కాబట్టి మొదటి నుంచీ నంబర్ లేకపోవడం వేరే విషయం.

మూడోదే అసలు పజిల్. ఆ మెలికల చారలు డమాస్కస్ గొట్టాలవి కావచ్చు, ఇనుము, ఉక్కు పోగుల్ని చుట్టి అతికించి చేసేవారు. నేటి తూటాలు అందులో వేసి పేల్చకండి, గొట్టం చేతిలోనే చీలిపోవచ్చు. గొట్టాల్ని విడదీయించి అడుగు వైపు భూతద్దంతో చూడమనండి. కోడిగుడ్డు ఆకారపు గీతలో ఇ, ఎల్, జి అక్షరాలుంటే అది బెల్జియంలోని లియేజ్‌లో పరీక్షించిన ముద్ర. ఆ గుడ్డు మీద కిరీటం ఉందా లేదా అన్నదే మీ కేసు. 1893 నుంచి కిరీటం చేర్చారు. కిరీటం లేకపోతే అంతకుముందుదే, యాంటిక్ అని చెప్పడానికి గట్టి ఆధారం. కిరీటం ఉంటే 1898కి ఇటో అటో ఇంకో ఆధారం వెతకాలి. 'చూస్తేనే పాతది' అనేది ఆధారం కాదు, రాతపూర్వకంగా ఒక తుపాకి నిపుణుడి అభిప్రాయం తీసుకోండి.

ఇంకొక్క మెలిక. గొట్టం 18 అంగుళాలకి తగ్గకుండా ఉందేమో కొలిపించండి: తుపాకి మూసి, ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, మూతి నుంచి కర్ర లోపలికి దించి. ఎవరో ఎప్పుడో రంపంతో కోసి ఉంటే 1934 నాటి వేరే చట్టం అడ్డొస్తుంది. అందులో యాంటిక్ నిర్వచనం వేరు, ఇప్పటికీ బజార్లో తూటా దొరికే 12 గేజ్ (గొట్టం లావు కొలత) తుపాకికి 1898 మినహాయింపు అక్కడ పనిచేయదు.

ఇండియా ఆలోచన మానుకోండి. అక్కడ ఆయుధ చట్టం కింద దిగుమతి లైసెన్సు, ఉంచుకోవడానికి ఇంకో లైసెన్సు, మధ్యలో కస్టమ్స్, ఇటువైపు ఎగుమతి నిబంధనలు. ఒక జ్ఞాపకం కోసం పడాల్సిన పాట్లు కావవి.

ఈ వారం చేయాల్సింది ఇది. మూడూ పెద్దావిడ ఇంట్లోనే, ఆమె తాళం కిందే ఉండనివ్వండి, తాళం చెవి మీరు తీసుకోకండి. వీలునామాలో ఆ తుపాకులు ఎవరి పేరున ఉన్నాయో ఆమె లాయర్‌ని అడగమనండి. మీ చేతికి హంటింగ్ లైసెన్సు వచ్చాక, మీరిద్దరూ ఒహాయోలోనే ఉంటే, ఆమె మీకు బహుమతిగా ఇవ్వొచ్చు. షాట్‌గన్ ఇంట్లో ఉంచుకోవడానికి ఆ రాష్ట్రం విడిగా లైసెన్సు అడగదు. ఈలోగా ఉద్యోగం మారి ఇల్లినాయ్ లాంటి చోటికి వెళ్తే లెక్క మారుతుంది, అక్కడ ఇంట్లో ఉంచుకోవడానికే కార్డు కావాలి. అప్పుడు మళ్లీ రాయండి. ఆ ట్రాప్ తుపాకులకి 'రిలీజ్ ట్రిగ్గర్' ఉందేమో కూడా ఆవిడని అడగండి. నొక్కినప్పుడు కాకుండా వేలు వదిలినప్పుడు పేలే రకం అది, తెలియక పట్టుకుంటే ప్రమాదం.