ఫోరెన్సిక్ కోర్సు వెతుక్కుంటున్న చిట్టికి

చిట్టీ,

నువ్వు ఫోరెన్సిక్ సైన్స్, అందులోనూ డీఎన్ఏ వైపు వెళ్దామనుకుంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మన ఇంట్లో నాలాగే ఇంకో పిల్ల ల్యాబ్‌లో పిపెట్ (చుక్కలు కొలిచే గొట్టం) పట్టబోతోందని పొంగిపోయాను. ఆ వెంటనే టెన్షన్ కూడా పట్టుకుంది. ఈ కోర్సుల బ్రోషర్లు నేను చూశానుగా! పసుపు టేపు, భూతద్దం, రక్తపు మరకలు. ల్యాబ్ గంటలెన్నో మాత్రం వెతికినా కనిపించవు.

పేరు చూసి మురిసిపోకు, సిలబస్ తెప్పించుకో. జెనెటిక్స్, బయోకెమిస్ట్రీ, మాలిక్యులర్ బయాలజీ గట్టిగా ఉండాలి. అవి లేని ఫోరెన్సిక్ డిగ్రీ కన్నా మామూలు బయాలజీ డిగ్రీ చేసి, ఆ తర్వాత ఫోరెన్సిక్స్‌లో పీజీ చేయడమే నయం.

స్టాటిస్టిక్స్ తప్పించుకునే దారి ఉందా అని అడిగావట! చెవి మెలిపెట్టాలి నీకు. రెండు డీఎన్ఏ ప్రొఫైళ్ళు, అంటే డీఎన్ఏ నుంచి తీసిన గుర్తుల వరసలు, ఒకేలా ఉన్నాయని చెప్తే సరిపోదు, అలాంటి ప్రొఫైల్ జనంలో ఎంత అరుదో చెప్పాలి. ఒకే మరకలో ముగ్గురి డీఎన్ఏ కలగలిసి ఉంటే అసలు పనంతా లెక్కల్లోనే ఉంటుంది. అమెరికాలో ఎఫ్‌బీఐ ప్రమాణాలు కూడా డీఎన్ఏ అనలిస్టుకి ఈ లెక్కల చదువు ఉండి తీరాలంటాయి.

ఇక నన్ను భయపెట్టే సంగతి. 2007లో జర్మనీలోని హైల్‌బ్రాన్‌లో ఒక మహిళా పోలీసు హత్య జరిగింది. ఆమె ఉన్న కారులో గుర్తు తెలియని ఒక స్త్రీ డీఎన్ఏ దొరికింది. అదే డీఎన్ఏ 1993 నాటి ఒక హత్యలోనూ, చిల్లర దొంగతనాల్లోనూ, ఆస్ట్రియా, ఫ్రాన్స్ కేసుల్లోనూ వచ్చింది. మొత్తం 40 దాకా నేరాలు! ఆమెను పట్టిస్తే 3 లక్షల యూరోలు ఇస్తామన్నారు. 2009లో ఒక మగ శరణార్థి దరఖాస్తు మీది వేలిముద్రల నుంచి కూడా ఆ స్త్రీ డీఎన్ఏ వచ్చేసరికి గానీ అసలు సంగతి బయటపడలేదు. తీరా చూస్తే అది శాంపిల్ తీసే దూది పుల్లల ఫ్యాక్టరీలో పనిచేసే ఆవిడది. పుల్లలు స్టెరిలైజ్ చేసినవే. కానీ స్టెరిలైజేషన్ సూక్ష్మజీవుల్ని చంపుతుందే తప్ప డీఎన్ఏని తుడిచెయ్యదు. పీసీఆర్‌లో, అంటే డీఎన్ఏకి కాపీలు తీసి పెంచే పద్ధతిలో, ప్రతి సైకిల్‌కీ డీఎన్ఏ దాదాపు రెట్టింపవుతుంది. 28 సైకిళ్ళు తిరిగితే లెక్క ప్రకారం ఒక్క కాపీ 26 కోట్లు దాటుతుంది. అది హంతకుడిదా, పుల్లలు ప్యాక్ చేసిన మనిషిదా అని మెషిన్ అడగదు.

అందుకే కాలేజీ చూడ్డానికి వెళ్ళినప్పుడు మెషిన్ల ఖరీదు కాదు, ఈ ఒక్కటి అడుగు: "మీ బ్లాంక్‌లో డీఎన్ఏ కనిపిస్తే ఏం చేస్తారు?" బ్లాంక్ అంటే శాంపిల్ తప్ప మిగతావన్నీ వేసిన ట్యూబు. మాకెప్పుడూ అలా రాదన్నారంటే నమస్కారం పెట్టి వచ్చేయ్. కంటామినేషన్ (బయటి డీఎన్ఏ కలిసిపోవడం) రిజిస్టర్ తీసి, ఏ రోజు ఎవరి డీఎన్ఏ ఎందులో పడిందో చూపించారంటే కళ్ళు మూసుకుని చేరిపో.

నేను డీఎన్ఏ ల్యాబ్‌లో కొత్తగా చేరినప్పుడు మా సీనియర్ ఒకావిడ మాకు శాంపిల్సే ఇచ్చేది కాదు. వట్టి నీళ్ళ ట్యూబులతో రన్ చేయించేది. డీఎన్ఏ ఉందని చూపించే ఒక్క పీక్ (గ్రాఫులో లేచే మొన) కూడా లేకుండా చదునుగా ఉన్న గ్రాఫు తెచ్చి చూపిస్తే, "ఇప్పుడు చేయి కుదిరింది" అనేది. ఎంత తిట్టుకునేవాళ్ళమో! ఇప్పటికీ ఎవరైనా గ్లవ్స్‌తో ముక్కు గోక్కుంటే నాకు ఒళ్ళు మండిపోతుంది.

కోర్టులో సాక్ష్యం చెప్పడం నేర్పుతారో లేదో కూడా కనుక్కో. "డీఎన్ఏ దొరికింది కాబట్టి మనిషి అక్కడికి వచ్చినట్టేగా?" అని లాయరు గద్దిస్తే, "అది నా రిపోర్టు చెప్పదండీ" అనగలగాలి. అసలు క్రిమినల్ కేసులో మన పరీక్ష మొదట చేసిన పనేంటో తెలుసా? 1986లో ఇంగ్లాండ్‌లో, హత్య చేశానని ఒప్పేసుకున్న 17 ఏళ్ళ కుర్రాడు ఆ పని చేయలేదని తేల్చింది. అసలు దోషికి శిక్ష పడింది 1988లో. నీకు దాదాపు ఆ కుర్రాడి వయసే తల్లీ, అందుకే నాకింత హైరానా.

భయపెట్టానా? నువ్వు చిన్నప్పుడు గడియారం విప్పి, స్క్రూలన్నీ వరసగా పేర్చి, ఒక్కటి తక్కువైందని అన్నం మానేసిన పిల్లవి. ఈ పనికి పనికొస్తావు.

చూసిన కాలేజీల సిలబస్‌లన్నీ పంపు. ముందు స్టాటిస్టిక్స్ పేజీ పంపు, దాన్ని దాచిపెట్టావంటే మాత్రం ఊరుకోను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ