బీఏ తర్వాత ఇంగ్లీష్ లిటరేచర్‌లో పీజీ: ఎస్ఓపీ కన్నా ముందు చూసుకోవాల్సినవి

మీరు అడిగింది ఇది: రావులపాలెం దగ్గర ఊరు, బీఏ స్పెషల్ ఇంగ్లీష్ ఫైనల్ ఇయర్. ఇంట్లో బీఈడీ చేసి టీచర్ అవమంటున్నారు. మీకు ఇంగ్లీష్ లిటరేచర్‌లో పైచదువు చదవాలనుంది, కుదిరితే అమెరికాలో. ఎస్ఓపీ, అంటే ఏం చదవాలనుకుంటున్నారో ఎందుకో చెప్తూ దరఖాస్తుతో పంపే వ్యాసం, ఎలా రాయాలి?

మాదీ అమలాపురం దగ్గర పల్లెటూరేనండి. పదో తరగతి దాకా తెలుగు మీడియం. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎంఏ చేశాను. ఆ తర్వాత అమెరికాలో పీహెచ్‌డీకి మొదటిసారి ఆరు చోట్ల పెడితే ఆరూ పోయాయి. మరుసటి ఏడు నాలుగు చోట్ల పెడితే ఒకటి తగిలింది. పోయిన ఆరింటి గురించే ఎక్కువ చెప్తాను, మీకు పనికొచ్చేది అదే.

అందరూ ఎస్ఓపీ, ఎస్ఓపీ అంటారు గానీ, ఇంగ్లీష్ డిపార్ట్‌మెంట్లు దానికన్నా జాగ్రత్తగా చదివేది రైటింగ్ శాంపిల్. అంటే మీరు రాసిన ఒక విమర్శ వ్యాసం, మామూలుగా 15 నుంచి 20 పేజీలు. మొదటిసారి నేను పంపింది ఎంఏలో రాసిన టర్మ్ పేపరు. పేజీకో సిద్ధాంతకర్త పేరు, పేరాకో కొటేషను. నేను చదివి కనిపెట్టినది అందులో ఒక్క ముక్క లేదు. ఎస్ఓపీ మొదటి వాక్యం ఇంకా గొప్పది: చిన్నప్పటి నుంచి నాకు సాహిత్యమంటే ప్రాణం అని. దరఖాస్తు పెట్టే ప్రతివాడికీ ప్రాణమే కదండీ, లేకపోతే ఎందుకు పెడతాడు?

ఆరో రిజెక్షన్ వచ్చాక ఇంటికొచ్చి కూర్చున్నాను. ఊళ్లో అందరూ "అమెరికా ఎప్పుడండీ?" అని అడుగుతుంటే తప్పించుకోవడానికి రాజమండ్రి గౌతమీ గ్రంథాలయానికి పోయేవాణ్ని. అక్కడ ఊరికే కాలక్షేపానికి వీరేశలింగం గారి రాజశేఖర చరిత్రము మళ్లీ తీశాను. 1878 నాటి నవల. గోల్డ్‌స్మిత్ రాసిన వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్ ప్రభావం దాని మీద ఉందని మనకి పాఠాల్లో చెప్పి వదిలేస్తారు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే ఒకచోట ఆగిపోయాను. ఇంగ్లీష్ నవల్లో ఆ కుటుంబం డబ్బు ఎలా పోతుంది? దాచుకున్న వ్యాపారి దివాలా తీసి ఉడాయిస్తాడు. వాళ్ల తప్పు పెద్దగా లేదు, దురదృష్టం. ధవళేశ్వరం రాజశేఖరుడి డబ్బు అలా పోదు. చుట్టూ చేరిన పొగడ్తల రాయుళ్లకి కొంత, బంగారం చేసిపెడతానన్న బైరాగికి కొంత. అంటే దొంగని ఇంట్లోకి పిలిచింది ఆయనే. సంఘ సంస్కర్త రాసిన కథ కదా, తప్పు ఇంట్లోనే చూపించాడు. తమాషా ఏంటంటే, 1887లో లండన్‌లో ఇదే నవల ఇంగ్లీష్ అనువాదం వచ్చినప్పుడు దాని పేరు ఫార్చ్యూన్స్ వీల్ అని పెట్టారు. అదృష్ట చక్రం! రచయిత మనిషి మీద పెట్టిన నేరాన్ని ఆ పేరు తీసుకెళ్లి మళ్లీ విధి నెత్తిన పెట్టింది.

ఈ ఒక్క విషయం మీద పద్దెనిమిది పేజీలు రాశాను. సిద్ధాంతకర్తల పేర్లు మొత్తం కలిపి మూడో నాలుగో. సీటిచ్చిన చోట ప్రొఫెసర్ మొదటి ఫోన్ కాల్‌లోనే ఆ బైరాగి గురించి అడిగారు. ఎస్ఓపీ గురించి ఒక్క మాట మాట్లాడలేదు. మీరూ వీరేశలింగం మీదే రాయమని కాదు. మీకు నిజంగా ఆశ్చర్యం కలిగించిన ఒక చోటు పట్టుకోండి. అది దొరికితే ఎస్ఓపీ రెండు పేజీలు దాని చుట్టూ అల్లుకోవచ్చు: ఏం గమనించారు, ఇంకా ఏం తేల్చుకోవాలి, దానికి ఆ డిపార్ట్‌మెంటే ఎందుకు.

డబ్బు సంగతి. అమెరికాలో ఇంగ్లీష్ పీహెచ్‌డీ ఇచ్చే చాలా యూనివర్సిటీల్లో ఫీజు మాఫీ, క్లాసులు చెప్పినందుకు స్టైపెండు ఉంటాయి. ఎంఏకి చాలాచోట్ల అవి ఉండవు. కాబట్టి అక్కడ ఎంఏ కోసం తోట అమ్మించే పని మాత్రం పెట్టుకోకండి. బీఏతోనే పీహెచ్‌డీకి తీసుకునే చోట్లున్నాయి గానీ మన మూడేళ్ల డిగ్రీకి కొందరు ఒప్పుకోరు. నా సలహా, ముందు ఇక్కడ ఎంఏ. అప్లికేషన్ ఫీజు కూడా తక్కువేం కాదు, ఒక్కోదానికి సుమారు 75 నుంచి 125 డాలర్లు. మొదటి ఏడాది నాన్నగారి రెండు కొబ్బరి దింపుల డబ్బు ఫీజులకే పోయింది. రెండో ఏడాది సిగ్గు వదిలి మెయిల్ పెట్టి అడిగితే రెండు చోట్ల మాఫీ చేశారు.

కన్సల్టెన్సీల జోలికి పోకండి. నేను వెళ్లినచోట "లిటరేచరా? కంప్యూటర్స్‌కి మారిపోండి, వీసా ఈజీ" అన్నారు. అమెరికా పైచదువులకి రాసే జీఆర్ఈ పరీక్షల్లో లిటరేచర్ సబ్జెక్ట్ టెస్టుకి కోచింగ్ ఇప్పిస్తామని కూడా చెప్పారు. ఆ పరీక్ష 2021లోనే ఎత్తేశారు! మామూలు జీఆర్ఈ కూడా చాలా ఇంగ్లీష్ డిపార్ట్‌మెంట్లు అడగడం లేదు, ఒక్కోదాని వెబ్‌సైట్లో చూసుకోండి.

ఇక్కడ ఎంఏకి ప్రవేశ పరీక్షలు రెండు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటివాటికి సీయూఈటీ పీజీ: 75 ప్రశ్నలు, సరైనదానికి 4 మార్కులు, తప్పుకి ఒకటి కోత. ఫారం డిసెంబర్, జనవరిలో వస్తుంది, పరీక్ష మార్చిలో. రాజమండ్రి నన్నయ్య యూనివర్సిటీ, వైజాగ్ ఆంధ్రా యూనివర్సిటీలకి ఏపీ పీజీసెట్: 90 నిమిషాల్లో 100 ప్రశ్నలు. ఫైనల్ ఇయర్‌లో ఉండగానే రెండూ రాయొచ్చు. ఇంట్లోవాళ్లకి, ఎంఏ అయ్యాక కూడా బీఈడీ చేయొచ్చని చెప్పండి. పైగా ఎంఏతో నెట్, సెట్ అనే లెక్చరర్ అర్హత పరీక్షలు రాసి పాసైతే డిగ్రీ కాలేజీ లెక్చరర్ దారి కూడా ఉంటుంది. మా అమ్మ ఆ ఒక్క మాటకే మెత్తబడింది.

రికమండేషన్ లెటర్లు అమెరికాకి మూడు కావాలి. మా సారు ఒకాయన "నువ్వే రాసుకురా, సంతకం పెట్టేస్తా" అన్నారు. రాసుకెళ్లాను, ఏం చేస్తాను. తీరా చూస్తే నా ఎస్ఓపీలో ఉన్న వాక్యమే అందులోనూ ఉంది! అలా అంటే ఒప్పుకోకండి. మీరు రాసిన వ్యాసం ఒకటి, ఆయన క్లాసులో మీరేం చేశారో ఒక పేజీ రాసి చేతికివ్వండి, లెటరు ఆయన్నే రాయనివ్వండి. కాలేజీ పేరుతో ఉన్న మెయిల్ ఐడీ నుంచి పంపితే ఇంకా మంచిది. ట్రాన్‌స్క్రిప్టులు, అంటే యూనివర్సిటీ ఇచ్చే మార్కుల పత్రాలు, రావడానికి నాకు నలభై రోజులు పట్టింది, మూడుసార్లు తిప్పారు.

అమెరికా దరఖాస్తుల గడువులు ఎక్కువగా డిసెంబర్‌లో ఉంటాయి. డిసెంబర్ 15 రాత్రి 11:59 ఈస్టర్న్ టైమ్ అంటే మనకి 16వ తేదీ పొద్దున్న 10:29. నేను ఆ పొద్దున్న ఎనిమిదింటికి నెట్ సెంటర్‌కి పోతే కరెంటు లేదు. పది దాటాక వచ్చింది, ఆ పావుగంట టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు. సీయూఈటీ ఫారం కూడా సంక్రాంతి ముందే నింపేయండి. పండక్కి మన ఊళ్లలో నెట్ సెంటర్ తెరిచేవాడుండడు, అందరూ కోడిపందాల బరి దగ్గరుంటారు.