మీటింగు పెట్టేముందు పెద్దమ్మ మాట

తల్లీ,

జూన్ 21 మోటార్ న్యూరాన్ జబ్బు గురించి ప్రపంచమంతా గుర్తుచేసుకునే రోజు కదా, ఆ రోజు మీ మారతహళ్ళి అపార్ట్‌మెంట్‌లో మీటింగు పెడుతున్నామన్నావు. చాలా సంతోషం. ఆ జబ్బుతో ఉన్న మీ పెదనాన్న దగ్గర ఐదేళ్ళు ఉండి నేర్చుకున్నది రాస్తున్నాను.

చందా సంగతి ముందే ఎత్తకు. 2014లో ఈ జబ్బు పేరున నెత్తిన ఐసు నీళ్ళు పోసుకున్న వీడియోలు మా వీధిలో అందరూ చూశారు, జబ్బేమిటో మాత్రం ఎవరికీ తెలియదు. అది రెండు నిమిషాల్లో చెప్పెయ్యి. కండరాలను కదిలించే నాడీకణాలు మెదడులో, వెన్నుపాములో క్రమంగా చచ్చిపోతాయి. చేతులు, కాళ్ళు, మాట, మింగడం, చివరికి ఊపిరి. అంటుకోదు. రిలుజోల్ మాత్ర జబ్బు ముదరడాన్ని కాస్త నెమ్మదింపజేస్తుంది, నయం చెయ్యదు.

మిగతా టైమంతా దీనికి పెట్టు: మనిషికి చెవులు వినిపిస్తాయి, చాలామందికి తెలివి ఎప్పటిలాగే ఉంటుంది. చూడ్డానికొచ్చినవాళ్ళు మంచం పక్కనే నిలబడి "ఈయనకేమైనా తెలుస్తోందా వదినా?" అని నన్నడిగేవాళ్ళు. ఆయన కళ్ళు నావైపు తిరిగేవి. నాకు ఇప్పటికీ నిద్రలో గుర్తొస్తుంది.

మాట పోయాక అట్ట మీద హల్లులు వరసలుగా రాసి, కింద గుణింతం గుర్తులు పెట్టాను. ఒత్తులు వదిలేశాను. నేను వేలు జరుపుతుంటే సరైన చోట రెప్ప వాల్చేవారు. మొదట చెప్పిన మాట 'కిటికీ'. తెరవమని. దానికే పావుగంట పట్టింది. ఇద్దరం ఏడ్చాం. నీ మీటింగులో ఒకరిని కూర్చోబెట్టి, రెప్పలతోనే వాళ్ళ ఊరి పేరు చెప్పమను. ఉపన్యాసం కంటే అది బాగా ఎక్కుతుంది.

తర్వాత సాయం. "ఏం కావాలన్నా చెప్పండి" అంటే ఎవరూ అడగరమ్మా, మొహమాటం. కాగితం తిప్పు: మంగళవారం సాయంత్రం రెండు గంటలు ఎవరు కూర్చుంటారు, నిమ్హాన్స్ ఆసుపత్రికి వెళ్ళాల్సిన రోజు కారు ఎవరిస్తారు. ఊపిరికి బైపాప్ మెషిన్ పెట్టుకున్న ఇంటికి జనరేటర్ లైను ఇవ్వమని అసోసియేషన్‌ను గట్టిగా అడుగు. కరెంటు పోయిన రాత్రి నేను పడ్డ టెన్షన్ ఇంకెవరికీ వద్దు. ఇంకోటి, ప్రసాదమైనా సరే, ఇంట్లోవాళ్ళని అడక్కుండా నోట్లో పెట్టొద్దని చెప్పు. గొంతుకి అడ్డం పడుతుంది.

ఆ అట్ట బీరువాలోనే ఉంది. ఆదివారం వచ్చి తీసుకెళ్ళు. 'క' వరస దగ్గర చిరిగింది, టేపు నేను అంటించి ఉంచుతాను.

నీ పెద్దమ్మ