ప్రతిష్టంభనలో ఒత్తు ఎక్కడిది?

సందేహం: ఇలినాయ్ రాష్ట్రంలో 2015 నుంచి 2017 వరకు గవర్నరు బ్రూస్ రౌనర్‌కూ శాసనసభకూ పొసగక పూర్తి బడ్జెట్టే లేకపోయిన ఉదంతం గురించి వ్యాసం రాస్తూ ‘బడ్జెట్ ప్రతిష్ఠంభన’ అన్నాను. సంపాదకులు ‘ష్ఠ’ను ‘ష్ట’గా దిద్దారు. ఏది సరైనది? గవర్నరు వీటోను కూడా ప్రతిష్టంభన అనవచ్చునా?
– ఒక పాఠకురాలు, షికాగో

సమాధానం: మీ సంపాదకులు దిద్దినదే సాధువు. ఈ మాటకు మూలం ‘స్తంభ్’ ధాతువు. ‘ప్రతి’ చేరినప్పుడు ఇకారం తరువాతి సకారం షకారమై, దాని పక్కనున్న తకారాన్ని టకారం చేస్తుంది. ‘ప్రతిష్ఠ’లో ఉన్నది ‘స్థా’ ధాతువు కనుక అక్కడి థకారం ఠకారమైంది. రెండింటినీ కలగాపులగం చేయడం వల్లనే ఈ లేని ఒత్తు వచ్చిపడింది.

అసలు జబ్బు ఇంకా కింద, స్తంభంలోనే ఉన్నది. ‘విద్యుత్ స్థంభం’ అని వార్తలలోనూ బోర్డుల మీదా చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. పోతన హిరణ్యకశిపుని చేత ‘డింభక సర్వస్థలముల’ అని మొదలుపెట్టించి, ‘స్తంభంబునఁ జూపఁగలవె చక్రిన్ గిక్రిన్’ అని అడిగించిన కందపద్యం చిన్ననాడు కంఠస్థం చేయని తెలుగువారు ఒకప్పుడు అరుదు. డింభక, అంభోరుహ, సంరంభ, స్తంభ అంటూ నాలుగు పాదాలలోనూ ప్రాసస్థానంలో ‘ంభ’ మోగుతూ వచ్చి, చివరకు ఆ కంబం మీదనే వెళ్లి తగులుతుంది. అదే పద్యంలో ‘స్థలముల’కు థకారం, ‘స్తంభంబు’కు తకారం ఎలా వేరువేరుగా పలుకుతాయో పైకి చదివి వినండి. ఆ తేడా చెవికెక్కినవారు ప్రతిష్టంభనలో ఒత్తు పెట్టరు. కదలకుండా బిగుసుకుపోవడం ఈ ధాతువు ప్రాణం. స్తబ్ధత దీని సంతానమే, రసశాస్త్రం చెప్పే సాత్త్వికభావాలు (మనసులోని భావం ఒంటిమీద కనిపించే తీరులు) ఎనిమిదింటిలో మొదటిదైన స్తంభమూ ఇదే. వైద్యంలోని విష్టంభం మలబద్ధం.

ఇక మీ రెండవ ప్రశ్న. సంస్కృతంలో ప్రతిష్టంభమంటే అడ్డగింపు. అందుకు ఒకరు చాలు. తెలుగులో మాత్రం ఇరుపక్షాలూ పట్టు విడవక పని ఆగిపోయినప్పుడే ప్రతిష్టంభన అంటున్నాం. తాను కోరిన సంస్కరణలు ముందు జరగాలని రౌనర్, వాటిని బడ్జెట్‌తో ముడిపెట్టడం కుదరదని స్పీకర్ మైకేల్ మాడిగన్ పక్షం భీష్మించుకోగా, 2015 జూలై 1 నుంచి 736 రోజులు గడిచిన ఆ స్థితికి ఈ మాట చక్కగా అతుకుతుంది. వీటో ఆ పట్టుదలలో ఒక చర్య మాత్రమే కనుక దానిని తిరస్కరణ అనడం మేలు. 2017 జూలై 6న, సెనేట్ తరువాత ప్రతినిధుల సభ కూడా అయిదింట మూడు వంతుల ఆధిక్యంతో వీటోను తోసిపుచ్చడంతో ప్రతిష్టంభన తొలగింది. దయచేసి ‘ప్రతిష్టంభన కొలిక్కి వచ్చింది’ అని రాయకండి. కొలిక్కి వచ్చేవి చర్చలు.

అయినా మూలార్థాన్ని పట్టుకొని ఎవరైనా వీటోనే ప్రతిష్టంభన అంటే తప్పని గట్టిగా అనలేను; నేనైతే అలా రాయను.