మతపెద్దల మాటా, మనస్సాక్షా: ప్రజాప్రతినిధి దేనికి కట్టుబడాలి?

ఈ రెంటినీ ఒకే గాటన కట్టకూడదు. ఐర్లండ్ చరిత్రలో తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

1951లో ఆరోగ్య మంత్రి నోయెల్ బ్రౌన్, ఆదాయంతో నిమిత్తం లేకుండా తల్లులకూ 16 ఏళ్లలోపు పిల్లలకూ ఉచిత వైద్యం ఇద్దామన్నారు. పిల్లల ఆరోగ్యం కుటుంబం చూసుకోవాల్సిందని కేథలిక్ బిషప్పులు అడ్డుచెప్పారు. రాబడి పోతుందని డాక్టర్ల సంఘమూ వ్యతిరేకించింది. కేబినెట్ పథకాన్ని వదిలేసింది. బ్రౌన్ రాజీనామా చేసి, బిషప్పులతో నడిచిన ఉత్తరాలను పత్రికలకిచ్చేశారు. అప్పుడుగానీ, తాము ఓటు వేయని, తమను ఓటు అడగని వాళ్లు తమ వైద్యాన్ని నిర్ణయించారని జనానికి తెలియలేదు. నా దృష్టిలో అసలు తప్పు ఆ గుట్టే.

1974లో ప్రధాని లియాం కాస్‌గ్రేవ్, గర్భనిరోధక సాధనాల అమ్మకాన్ని అనుమతిస్తూ సొంత ప్రభుత్వం తెచ్చిన బిల్లుకే మనస్సాక్షి ప్రకారం వ్యతిరేకంగా ఓటేశారు. బిల్లు 61–75తో ఓడింది. ఆ ఓటు నాకు నచ్చదు. సహచర మంత్రులకైనా ముందే చెప్పాల్సింది. అయినా అది సభలో, అందరి ముందూ తన పేరుతో వేసిన ఓటు. నచ్చనివాళ్లు ఎన్నికల్లో నిలదీయొచ్చు. బిషప్పుల్ని అలా నిలదీసే దారి ఓటరుకి లేదు.

బ్రౌన్ మాత్రం 1951 ఎన్నికల్లోనే స్వతంత్రుడిగా నిలబడి మళ్లీ గెలిచారు.