ముఖపత్రం లేని లాటిన్ గానపుస్తకాన్ని చూసి డేటాబేస్‌లోని స్వరలిపిని దిద్దవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: అనంతపురంలో మీ గాయక బృందం బీరువాలో ఒక పాత లాటిన్ గానపుస్తకం దొరికింది. ముఖపత్రం చిరిగిపోయింది. అందులోని పాఠానికీ, గ్రెగోరియన్ గీతాల (క్యాథలిక్ చర్చిలో లాటిన్‌లో పాడే ప్రాచీన గీతాల) స్వరలిపులను అందరూ కలిసి ఎక్కించే గ్రెగోబేస్ లాంటి ఉమ్మడి డేటాబేస్‌లో ఉన్న పాఠానికీ కొన్నిచోట్ల పొంతన కుదరడం లేదు. అచ్చు పుస్తకమే ఒప్పనుకుని డేటాబేస్‌ను దిద్దవచ్చా అని అడిగారు.

దిద్దకండి. ముందు మీ చేతిలో ఉన్నది ఏ పుస్తకమో తేల్చుకోండి. నేను కడపలో గాయక బృందంలో చాలా ఏళ్లుగా పాడుతున్నాను. తీరిక దొరికినప్పుడల్లా గ్రెగోరియన్ గీతాలను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుంటాను. మీరు చేయబోతున్న పని నేను ఒకసారి చేశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమనకాలంలో సాయంకాల ప్రార్థనకు పాడే గీతం ఒకటి ఉంది. మా దగ్గరున్న ‘లీబెర్ ఉజువాలిస్’ అనే రోమన్ గానపుస్తకంలో అది ‘క్రెయాతోర్ ఆల్మే సీదెరుమ్’ అని మొదలవుతుంది. డేటాబేస్‌లో మాత్రం ‘కోందితోర్ ఆల్మే సీదెరుమ్’ అని కనిపించింది. మొదటి మాటకు రెండుచోట్లా అర్థం సృష్టికర్త అనే. బాణీ కూడా ఒకటే. ఎవరో జ్ఞాపకం మీద టైపు చేసి పొరబడ్డారని అనుకున్నాను. రెండు రాత్రులు కూర్చుని ఆరు చరణాలనూ నా పుస్తకానికి సరిపడేలా మార్చేశాను. మంచి పని చేశానన్న తృప్తితో నిద్రపోయాను కూడా.

వారం తిరగకముందే మరో సభ్యుడు మర్యాదగా రాశాడు. ఆ గీతాన్ని ఎక్కించింది నా పుస్తకం నుంచి కాదు, బెనెడిక్టిన్ సన్యాసుల మఠాలు వాడుకునే 1934 నాటి గానపుస్తకం ‘అంతిఫొనాలే మొనాస్తికుమ్’ నుంచి. ఆ పుస్తకం పేరు స్వరలిపి పక్కనే ఉంది. నేను చదవలేదు.

తర్వాత తెలుసుకున్న సంగతి ఇది. ప్రాచీన లాటిన్ కవుల ఛందస్సుకు తూగడం లేదని పోపు ఎనిమిదవ ఉర్బన్ కాలంలో ప్రార్థనా గీతాల మాటలను సంస్కరించారు. 1632లో ఆ కొత్త పాఠం వచ్చింది. రోమన్ పుస్తకాలు దాన్నే తీసుకున్నాయి. బెనెడిక్టిన్లు మాత్రం తమ పాత పాఠాన్ని వదల్లేదు. రెండవ వాటికన్ మహాసభ తర్వాత రోమన్ పుస్తకాలు కూడా పాత పాఠానికే తిరిగి వచ్చాయి. అంటే నేను తప్పును దిద్దలేదు. ఒక పాఠాంతరాన్ని, అందులోనూ ప్రాచీనమైన దాన్ని, చెరిపేశాను.

ఈ మాట కడపలో ఉన్నవాళ్లకు తెలియకపోవడం సిగ్గుచేటు అనిపించింది. 1820లో ఈ ఊరికి వచ్చిన సి.పి. బ్రౌన్ ఇక్కడే బంగళా కొని, పండితులను జీతానికి పెట్టుకుని, ఒకే కావ్యానికి దొరికిన వ్రాతప్రతులను పక్కపక్కన పెట్టించి పాఠాంతరాలు గుర్తింపజేశాడు. ఆయన పేరిట ఉన్న గ్రంథాలయానికి నేను ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. ఏ ప్రతిలో ఏముందో ముందు ఉన్నదున్నట్టు రాసుకోవాలి, ఏది ఉత్తమ పాఠమో ఆ తర్వాత మాట్లాడుకోవాలి. లాటిన్ గీతాలకైనా వేమన పద్యాలకైనా పరిష్కర్త చేయాల్సిన పని ఇదే.

కాబట్టి డేటాబేస్‌లో ఒక నమోదు అంటే ఒక ముద్రణ. రెండు పుస్తకాల్లో మంచివి ఏరి మూడో పాఠం తయారు చేయకూడదు. మాటల్లోనే కాదు, స్వరాల గుర్తుల్లోనూ అంతే. 1908లో వాటికన్ ప్రచురించిన ‘గ్రదువాలే’ (దివ్యపూజ పాటల పుస్తకం)లో లయ గుర్తులు లేవు. ఫ్రాన్స్‌లోని సొలెమ్ మఠం తన ముద్రణల్లో స్వరం పక్కన చుక్క, పైన చిన్న అడ్డగీత, సాధారణంగా కింద చిన్న నిలువుగీత చేర్చింది. మీ బృందం ఆ చుక్క దగ్గర ఆగి పాడటం అలవాటు చేసుకుని ఉండవచ్చు. అయినా వాటికన్ ముద్రణ అని పేరు పెట్టిన నమోదులో ఆ చుక్క పెడితే అది అబద్ధమవుతుంది. సొలెమ్ పాఠాన్ని విడిగా చేర్చండి, ఎవరూ కాదనరు.

చుక్క గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే జిరాక్సు కాగితాల నుంచి ఎక్కించేవాళ్లందరూ బోల్తా పడేది ఇక్కడే. ఈ గీతాలను కంప్యూటర్‌లో రాయడానికి గాబ్క్ అనే పద్ధతి ఉంది. నాలుగు గీతల మీద స్వరం ఉండే ఎత్తును బట్టి ఒక్కో ఇంగ్లీషు అక్షరం, దాని పక్కన ఫుల్‌స్టాపు పెడితే సాగదీసే చుక్క. ఒకసారి ఒక కాగితం మీద నలుచదరపు స్వరం పక్కన చక్కటి నల్లచుక్క కనిపించింది. ఫుల్‌స్టాపు పెట్టేశాను. ఆదివారం మావాళ్లు మాట మధ్యలో, ఊపిరి తీసుకోవడానికి వీల్లేని అక్షరం మీద ఆగిపోయారు. ఇంటికి వచ్చి స్కాన్ చేసిన అసలు పేజీని పెద్దది చేసి చూస్తే అక్కడ ఏమీ లేదు. జిరాక్సు యంత్రం అద్దం మీది మరక అది. అదే కాగితంలో రెండు అంగుళాల కింద, గీతలకు అవతల ఖాళీ మార్జిన్‌లో అలాంటిదే ఇంకో చుక్క ఉంది. దాన్ని ముందే చూసి ఉంటే అనుమానం వచ్చేది.

అప్పటి నుంచి నేను ఎక్కించిన దాన్ని నేనొక్కడినే సరిచూసుకోను. ఇంకొకరు తెర మీద చూసి పాడతారు, నేను పుస్తకం చూస్తాను. కళ్లు దాటవేసిన తప్పు గొంతులో తట్టుకుంటుంది. ముఖ్యంగా మొదట్లో ఉండే క్లెఫ్ గుర్తు (ఏ గీత ఏ స్వరమో చెప్పేది) నాలుగో గీత మీద ఉందా, మూడో గీత మీద ఉందా అన్నది. స్వరాలను ఎత్తును బట్టి రాస్తాం కాబట్టి, క్లెఫ్ ఒక గీత తప్పితే చూడటానికి అంతా సరిగ్గానే ఉంటుంది. అరస్వరం ఉండే చోటు జరిగిపోయి, పాడగానే మోడ్ (గీతం నడిచే స్వరాల వరస) మారిపోయినట్టు తెలుస్తుంది.

మరి పుస్తకంలోనే ముద్రారాక్షసం ఉంటే? అదే పుస్తకం మరో ప్రతిలోనో, మరో ముద్రణలోనో సరిచూడండి. అచ్చుతప్పని రూఢి అయితే దిద్ది, పుస్తకంలో ఏముందో వ్యాఖ్యలో రాయండి. చెప్పకుండా దిద్దడం మాత్రం వద్దు. తెలుగు లిపిలో రాసుకున్న పాటల నోటుపుస్తకాన్ని ఆధారంగా చూపకండి. మా పెద్దలు రాసిన ‘తాంతుమ్ ఎర్గో’ అనే లాటిన్ గీతం నోటుపుస్తకం నాకు ప్రాణం, కానీ అది మా గొంతుల చరిత్రే తప్ప ముద్రణకు సాక్ష్యం కాదు.

ఇక మీ పుస్తకం సంగతి. ముఖపత్రం పోయినా లోపలి పేజీలు చాలా చెబుతాయి. ఆగమనకాల గీతం ఉంటే మొదటి మాట చూడండి. ‘క్రెయాతోర్’ అని ఉంటే అది ఉర్బన్ సంస్కరణను అనుసరించిన పుస్తకం. తర్వాత ‘ఏయుస్’ అనే మాటను చూడండి. మధ్యలో జె అక్షరం ఉంటే పాత ముద్రణలవైపు, 1974 నాటి ‘గ్రదువాలే’లోలాగా ఐ అక్షరం ఉంటే కొత్త వాటివైపు మొగ్గవచ్చు. అన్నిటికన్నా నమ్మకమైనది ఆగస్టు 15, మరియమాత మోక్షారోపణ పండుగ పేజీ. 1950 నవంబరు 1న పోపు పన్నెండవ పయస్ ఆ విశ్వాస సత్యాన్ని ప్రకటించాక ఆ రోజు దివ్యపూజకు పాటలు మార్చారు. ప్రవేశగీతం ‘గౌదేయామూస్’ మాత్రమే ఉంటే మీ పుస్తకం అంతకుముందుది. ‘సిన్యుమ్ మాన్యుమ్’ అని ఉంటే ఆ తర్వాతిది. ఈ మూడు పేజీలూ ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. ఏ ముద్రణో కలిసి తేల్చుదాం, ఆపైన మీ పాఠాన్ని కొత్త నమోదుగా ఎక్కించడానికి నేను తోడుంటాను.