తలుపు చప్పుడుకు ముందు

బ్రాడీపేట, గుంటూరు.

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ నాటిక అందింది, రెండుసార్లు చదివాను. సత్యనారాయణపురంలోని ఆ రెండు గదుల వాటా, పోపుల డబ్బా అడుగున మడతపెట్టి దాచిన నోట్లు, "నీకేం తెలుసే పిచ్చిమొహమా" అని ముద్దుగానే అనే భర్త, అన్నీ కళ్ళకు కట్టాయి. ఆఖరి రంగం మాత్రం నాకు మింగుడుపడలేదు. నీ నాయిక రెండు పేజీలు మాట్లాడి గుమ్మం దాటుతుంది. దాటినందుకు నాకు అభ్యంతరం లేదు గానీ, దాటగలిగిన మనిషిగా ఆమె ఎప్పుడు మారిందో ఎక్కడా కనిపించలేదు.

నార్వే నాటకకర్త ఇబ్సెన్ 1879లో రాసిన 'డాల్స్ హౌస్' నాటకం అనగానే అందరికీ, చివర్లో భర్తనూ పిల్లల్నీ వదిలి వెళ్తూ నాయిక నోరా వేసిన తలుపు చప్పుడే గుర్తుకొస్తుంది. నువ్వు మొదటి అంకం మళ్ళీ చదువు. భర్త వద్దన్న మిఠాయిలు చాటుగా తిని, తినలేదని బొంకే మనిషి ఆమె. అదే మనిషి జబ్బుపడిన భర్తను ఇటలీ తీసుకెళ్ళడానికి, భర్త అనుమతి లేనిదే భార్యకు అప్పు పుట్టని రోజుల్లో, తండ్రి సంతకం తానే పెట్టి అప్పు తెచ్చింది. తండ్రి పోయింది సెప్టెంబరు 29న, పత్రం మీద సంతకం తేదీ అక్టోబరు 2. ఆ అప్పు తీర్చడానికి కిందటి క్రిస్మస్ ముందు అలంకరణలు చేస్తున్నానని చెప్పి, తలుపు గడియపెట్టుకుని రాత్రుళ్ళు కూలికి నకళ్ళు రాసింది. ఒళ్ళు హూనమైనా, తనూ ఒక మగవాడిలా సంపాదిస్తున్నట్టు ఆనందంగా ఉండేదని స్నేహితురాలితో చెప్పుకుంది. ఆమె తనను తాను తెలుసుకోవడం ఆ గదిలోనే మొదలైందని నేను నమ్ముతాను.

ఇక మూడో అంకం. గుట్టు బయటపడ్డ క్షణాన భర్త హెల్మర్ ఆమెను అబద్ధాలకోరు అంటాడు, పిల్లల్ని పెంచే అర్హత లేదంటాడు. అంతలో అప్పుపత్రం తిరిగి రాగానే "నేను బతికిపోయాను నోరా!" అని కేకపెడతాడు. ఆమె "మరి నేను?" అంటుంది, అంతే. తర్వాత లోపలికి వెళ్ళి, నాట్యం కోసం వేసుకున్న దుస్తులు విడిచి, మామూలు బట్టల్లో వచ్చి, ఎనిమిదేళ్ళ కాపురంలో మనం ఒక విషయం కూర్చుని మాట్లాడుకోవడం ఇదే మొదటిసారి అని గుర్తుచేస్తుంది. నీ రెండు పేజీల ఉపన్యాసం చేయలేని పని ఆ రెండు మాటలూ, ఆ బట్టలు మార్చుకోవడమూ చేశాయి.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. రేపు ఏ పరిషత్తు పోటీలోనో నీ నాయిక తిరిగి వస్తే బాగుంటుందని ఎవరో ఒకరు తప్పక అంటారు. జర్మనీలో ఒక నటి పిల్లల్ని వదిలి వెళ్ళే తల్లిగా నటించనని పట్టుబడితే, 1880లో ఇబ్సెనే నోరా ఆగిపోయే ముగింపు రాసి ఇచ్చాడు, పైగా దాన్ని నాటకం మీద జరిగిన అనాగరికమైన దౌర్జన్యం అని తానే అన్నాడు. అంతటివాడికే తప్పలేదు కనుక నువ్వు ముందే మనసు గట్టిచేసుకో.

ఆఖరి రంగం పక్కన పెట్టి, భర్త కాఫీపొడి కోసం వెతుకుతూ పోపుల డబ్బా మూత తీసే ఉదయం రాయి. ఆ నోట్లు చూసి అతను మొదట ఏమంటాడు, ఆమె స్టవ్ ఆపుతుందా, ఆపదా? అంతవరకు రాసి పంపు, చాలు. వచ్చే ఆదివారం విజయవాడ వస్తాను, నాటిక ప్రతిని చేతిలో పెట్టుకుని మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు